స్టెతస్కోపు ఒక్కటే కాదు, ఆ కౌంటరు కుర్చీ కూడా మనకు కావాల

ఇది కొంచెం పొడుగు పోస్టు. బస్సులో కూర్చున్నప్పుడో, రాత్రి అన్నం తిన్నాకనో తీరిగ్గా చదవండి. చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగంలో ఆపద్దండి.

మేమంటే గార్లదిన్నె చుట్టుపక్కల తండాల నుంచి పోయి అనంతపురంలో చదువుకుంటున్న కొందరం. ప్రతి ఏడాది నీట్ రిజల్టు వచ్చినంక మన ఇండ్లల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. సీటు వచ్చిన ఒక్కరికి పూలదండ, ఫ్లెక్సీ. రాని పదిమంది తలుపేసుకుని పడుకుంటారు. ఈసారి మాకు దగ్గరి తమ్ముడొకడు రెండోసారి రాసినాడు, రెండోసారీ రాలేదు. వాళ్ల నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి పంపిన డబ్బులతో కోచింగ్ తీసుకున్నాడు. "ఇంక ఆసుపత్రి మొగం చూడనన్నా, నాకు ఆ రాత లేదు" అన్నాడు. ఆ మాట మమ్మల్ని నిద్రపోనీలేదు. డాక్టరు కాకపోతే ఆసుపత్రితో మనకు సంబంధమే లేదా? ఈ ప్రశ్న మీదనే ఈ పోస్టు.

దీనికి జవాబు వెతుకుతా పోతే, మాకు ఎక్కువ నేర్పింది దేశం దాటిపోయిన డాక్టర్ల కథలు. వలస అంటే మనకు కొత్త కాదు కదా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వానపడే జిల్లా మనది. చెనిక్కాయ పంట ఎండిపోయిన ఏడాది సగం తండా బెంగళూరు బస్సెక్కుతుంది. ఊర్లో పది ఎకరాల రైతు అక్కడ మట్టి మోస్తాడు. ఊర్లో ఉన్న పేరు, పని, మర్యాద అన్నీ ఇక్కడే ఇడిచిపెట్టి పోవాల. డాక్టర్లకు కూడా ఇదే జరుగుతుందంటే మేం మొదట నమ్మలేదు.

జరిగేది ఇది. ఇక్కడ ఎంబీబీఎస్ చేసి, ఎండీ కూడా చేసి, పదేండ్లు ప్రాక్టీసు చేసిన మనిషి అమెరికా పోయినాడనుకోండి. విమానం దిగిన రోజు నుంచి ఆయన అక్కడ డాక్టరు కాడు. ఒక్క మందుచీటీ రాసే హక్కు లేదు. యూఎస్‌ఎంఎల్‌ఈ అనే పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి రాయాల. మన డిగ్రీ సరైనదేనని సర్టిఫికేట్ తెచ్చుకోవాల. ఆ తర్వాత మళ్లీ కొత్త పిల్లోడి మాదిరి రెసిడెన్సీలో చేరాల, అది కూడా సీటు దొరికితే. దొరకనోళ్లు చాలామంది. వాళ్లలో కొందరు ఇంట్లో కూర్చుని కుమిలిపోతారు. కొందరు మాత్రం ఆసుపత్రిలోకే వేరే వాకిలి నుంచి పోతారు. మెడికల్ కోడింగ్, రికార్డులు సరిచూసే పని, క్వాలిటీ విభాగం, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్. రోగం గురించి తెలుసు, కాగితం గురించి నేర్చుకుంటారు. రెండూ తెలిసిన మనిషికి ఆసుపత్రిలో విలువ ఉంటుంది. ఎందుకంటే డాక్టర్లకు కాగితం రాదు, ఆఫీసోళ్లకు రోగం తెలీదు.

మన దగ్గర దీనికి తిరగేసిన కథ ఒకటుంది. రష్యా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ పోయి ఎంబీబీఎస్ చేసి వచ్చిన మన పిల్లలు ఇక్కడ ఎఫ్‌ఎంజీఈ రాయాల. 300 మార్కులకు 150 వస్తేనే పాసు. ఈమధ్య జరిగిన పరీక్షల్లో పాసైనోళ్లు మూడో వంతు కూడా లేరు. భూమి కుదువపెట్టి చదివిచ్చిన ఇండ్లల్లో ఆ పిల్లోడు సొంత దేశంలోనే వలసొచ్చిన డాక్టరు అవుతున్నాడు. వాళ్లకు కూడా ఈ పోస్టు.

ఇప్పుడు ఇద్దరి గురించి చెప్తాం. ఇద్దరూ తెలుగోళ్లే. ఇద్దరూ అమెరికా పోయి డాక్టర్లుగానే నిలబడినారు, తర్వాత ఆసుపత్రులు నడిపే పనిలోకి వచ్చినారు. ఇద్దరూ మన తండాల నుంచి పోయినోళ్లు కాదు, మనకున్న అడ్డంకులు వాళ్లకు లేవు. అయినా తెలుసుకోవాల.

మొదటాయన డాక్టర్ ప్రేమ్ రెడ్డి. నెల్లూరు జిల్లా నిడిగుంటపాళెం ఊరు. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి 1976లో అమెరికా పోయినాడు. గుండె డాక్టరు అయినాడు. కాలిఫోర్నియాలో విక్టర్‌విల్ అనే ఊర్లో స్థిరపడినాడు. అది మొజావీ ఎడారి ప్రాంతం, మన అనంతపురం కంటే ఇంకా ఎండిన నేల. 1994లో అక్కడ డెజర్ట్ వ్యాలీ హాస్పిటల్ మొదలుపెట్టినాడు. 2001లో ప్రైమ్ హెల్త్‌కేర్ అనే సంస్థ పెట్టి, నష్టాల్లో మునిగి మూతపడబోయే ఆసుపత్రులను కొని నిలబెట్టడం మొదలుపెట్టినాడు. ఈరోజు ఆ సంస్థకు పదికి పైగా రాష్ట్రాల్లో నలభైకి పైగా ఆసుపత్రులున్నాయి. ఆయన స్టెతస్కోపుతో చూడగలిగిన రోగులు రోజుకు ఎంతమంది? ఇరవైమందో, ముప్పైమందో. అడ్మినిస్ట్రేషన్ కుర్చీలోంచి ఆయన తీసుకున్న ఒక నిర్ణయం ఎన్ని వేలమంది మీద పడుతుందో ఆలోచించండి.

అయితే ఆ కథ అక్కడితో ఆపితే మేం మీకు సగమే చెప్పినట్టు. ముసలోళ్లకు అమెరికా ప్రభుత్వమిచ్చే మెడికేర్ కింద, అడ్మిట్ చేయాల్సిన పనిలేని రోగులను కూడా అడ్మిట్ చేసి ఎక్కువ బిల్లులు పెట్టినారని ఆ సంస్థకు చెందిన కాలిఫోర్నియా ఆసుపత్రుల మీద అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. 2018లో సంస్థ, ఆయన కలిసి 65 మిలియన్ డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. తప్పు చేసినట్టు కోర్టు తేల్చలేదు, అది కూడా చెప్పాల. మాకు అర్థమైంది ఏమంటే, ఒక రోగిని మంచం మీద పడుకోబెట్టాలా, మందిచ్చి ఇంటికి పంపాలా అన్న ప్రశ్నలో కూడా డబ్బు లెక్క దూరగలదు. ఆ లెక్క రాసేది అడ్మినిస్ట్రేషనే.

రెండో ఆయన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో కంటి డాక్టరుగా పేరు తెచ్చుకున్నాడు. అక్కడ ఉద్యోగం ఇడిచిపెట్టి 1986లో తిరిగొచ్చి, 1987లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టినాడు. ఆయన చేసిన ఆపరేషన్ల కంటే ఆయన గీసిన పటం మాకు ఎక్కువ నచ్చింది. దాన్ని పిరమిడ్ అంటారు. కింద మెట్టులో 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటరు. మన మండలం లాంటిదానికి ఒకటి అనుకోండి. దానిపైన 5 లక్షలమందికి ఒక చిన్న ఆసుపత్రి. దానిపైన 50 లక్షలకు ఒకటి. అన్నిటికంటే పైన 5 కోట్లమందికి ఒక పెద్ద కేంద్రం. కింది విజన్ సెంటరులో కూర్చునేది డాక్టరు కాదు. ఆ చుట్టుపక్కల ఊర్లలో ఇంటర్ చదివిన పిల్లలకే ఏడాది ట్రైనింగు ఇచ్చి కూర్చోబెట్టినారు. కళ్లు చూసి, అద్దాలిచ్చి, పెద్ద జబ్బు అనిపిస్తే పై మెట్టుకు పంపిస్తారు. డబ్బులు కట్టగలిగినోళ్ల దగ్గర తీసుకుని, లేనోళ్లకు ఉచితంగా చేస్తారు.

ఇది కూడా అడ్మినిస్ట్రేషనే. ఎవరిని యాడ కూర్చోబెట్టాల, ఎవరి దగ్గర ఎంత తీసుకోవాల, ఊర్లో అవ్వకు శుక్లం ఉంటే ఆమె పట్నం దాకా రావాల్నా లేక ఆసుపత్రే ఆమె దగ్గరికి పోవాల్నా. ఇవన్నీ కత్తి పట్టుకోకుండా తీసుకునే నిర్ణయాలు. వాటితోనే వేలమందికి చూపు వచ్చింది.

సరే, అమెరికా, హైదరాబాదు వదిలేసి మన జిల్లాకు వద్దాం. ఆరోగ్యశ్రీ మొట్టమొదట యాడ మొదలైందో మీలో ఎంతమందికి తెలుసు? 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలుపెట్టినారు. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మన అనంతపురం. అన్నిటికంటే వెనుకబడినవని ఈ మూడూ ఎంచుకున్నారు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారింది కానీ పని నడిచే దారి అదే. కార్డు పట్టుకుని పోతాం. మిత్ర డెస్క్ దగ్గర పేరు రాస్తారు. పరీక్షలు చేస్తారు. ఆ రిపోర్టులన్నీ కంప్యూటర్లో ఎక్కించి అనుమతికి పంపుతారు. ట్రస్టు డాక్టర్లు చూసి సరే అంటేనే ఆపరేషన్. అంటే కత్తి పట్టే డాక్టరు కంటే ముందు మన అవ్వను చూసేది ఆ డెస్క్ మనిషి. ఆ డెస్క్ దాటలేకపోతే లోపల ఎంత మంచి డాక్టరున్నా ఉపయోగం లేదు.

మాలో ఒకరి అవ్వ కథ చెప్తాం. మూడేండ్ల కింద కళ్లంలో కాలుజారి తుంటి ఎముక విరిగింది. టౌన్లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఆధార్‌లో పేరు చివర బాయి అని ఉంది, రేషన్ కార్డులో అమ్మ అని ఉంది. వేలిముద్ర వేయమంటే పడలేదు. అరవై ఏండ్లు కలుపు తీసిన వేళ్లకు గీతలు యాడుంటాయి? "పేరు కలవలేదు, పోయి మార్పించుకు రాపో" అన్నారు. యాడికి పోవాల, ఎవరినడగాల అనేది చెప్పలేదు. అవ్వకు తెలుగు అర్థమవుతుంది కానీ నొప్పిలో నోట్లోంచి గోర్ బోలి మాటలే వస్తున్నాయి. అక్కడున్నోళ్లకు అది అర్థం కాలేదు, ఒకామె నవ్వింది కూడా. రెండు రాత్రులు వరండాలో ఉన్నారు. వాళ్ల నాయన వడ్డీకి డబ్బు తెచ్చి కట్టేదానికి సిద్ధమైనాడు. ఆఖరికి ఊడ్చే పని చేసే ఒకక్క చెప్పింది, "పై అంతస్తులో ఇంకో సారు ఉంటాడు, ఆయన దగ్గరికి పోండి" అని. ఆ సారు ఒక కాగితం రాయించి, దాని మీద ఒక సంతకం పెట్టినాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

రెండు రాత్రులు ఎందుకు పట్టింది? ఆసుపత్రిలో డాక్టరు లేక కాదు. మందు లేక కాదు. దారి తెలిసిన మనిషి కింద కౌంటర్లో లేక. ఉన్న మనిషికి ఆ అవ్వ మనిషిగా కనపడక. ఆ కుర్చీలో మన తండా పిల్ల ఉండింటే? "యాడీ, ఏమైంది" అని అడిగే గొంతు ఒకటి ఉండింటే? బాయి, అమ్మ రెండూ ఒకటేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. వాళ్లింట్లో కూడా అదే గోల ఉంటుంది కాబట్టి.

మేం ఇప్పటిదాకా పోయిన ఆసుపత్రుల్లో నర్సులుగా మనోళ్లు కనపడినారు, ఊడ్చే పనిలో మనోళ్లు కనపడినారు, ఈమధ్య హౌస్ సర్జన్లుగా కూడా ఒకరిద్దరు కనపడి సంతోషమేసింది. సూపరింటెండెంట్ ఆఫీసులో, బిల్లింగులో, మిత్ర డెస్క్‌లో, ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగులో మాత్రం మాకు కనపడలేదు. మీకు కనపడింటే చెప్పండి, మేమే సంతోషపడతాం.

ఇక్కడ ఒక మాట గుర్తు చేసుకోవాల. మన జిల్లాలో ఆసుపత్రుల కథ చెప్పేటప్పుడు ఎవరూ మరిచిపోని మనిషి విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్ నుంచి వచ్చినాడు. 1968లో ఈ దేశం నుంచి పంపేస్తే మళ్లీ తిరిగొచ్చి 1969లో అనంతపురం చేరినాడు. ఆయన డాక్టరు కాదు. అయినా ఆర్డీటీ కింద బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో, కణేకల్లులో ఆసుపత్రులు వచ్చినాయి. మన అమ్మల్లో ఎంతమంది కాన్పులు ఆ ఆసుపత్రుల్లో జరిగినాయో లెక్కేసుకోండి. నాడి పట్టుకోవడం రాని మనిషి ఇంత చేయగలిగినప్పుడు, నీట్ రాలేదని మన తమ్ముడు ఆసుపత్రి మొగం చూడననడం సరైందా?

ఇప్పుడు మీలో కొందరికి కోపం వచ్చింటుంది, మాకు తెలుసు. "అగ్రకులాలోళ్ల పిల్లలు డాక్టర్లు కావాల, మన పిల్లలు గుమాస్తాలు కావాల్నా? ఇదేనా మీరు చెప్పేది?" మా గదిలోనే ఒకక్క ఈ మాట అడిగింది. రాత్రి ఒంటిగంట దాకా గొడవైంది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం. వంద సీట్లకు ఆరు. ఆ ఆరూ మనం కొట్లాడి నింపాల్సిందే, ఒక్కటి కూడా వదలకూడదు. సీటు కోసం మూడోసారి రాస్తానన్న పిల్లను "నీకెందుకమ్మా, ఎంహెచ్‌ఏ చేయిపో" అనే హక్కు ఎవరికీ లేదు. డాక్టరు కావాలనుకున్నోళ్లు డాక్టరే కావాల.

మేం అడిగేది మిగిలిన తొంభైనాలుగు మంది గురించి కూడా కాదు, ఎందుకంటే అడ్మినిస్ట్రేషన్‌ను మిగిలినోళ్ల చోటుగా చూడటమే తప్పు. డాక్టరు అయినోళ్లు కూడా ఆ పక్కకు పోవాల. ఎంబీబీఎస్ తర్వాత హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ ఉంది, ఎయిమ్స్‌లో కూడా చెప్తారు. ప్రేమ్ రెడ్డి, నాగేశ్వరరావు ఇద్దరూ డాక్టర్లుగా ఓడిపోయి అటు పోలేదు. వార్డులో ఒకరికొకరుగా చూస్తా పోతే సరిపోదని తెలిసినోళ్లు అటు పోయినారు. వార్డులో మన డాక్టరమ్మ ఉండి, కౌంటర్లో మనల్ని చూసి మొగం చిట్లించే మనిషి ఉంటే, ఆ డాక్టరమ్మ దాకా మనం చేరనే చేరం.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది. "ఆ ఉద్యోగాలకు జీతమెంతన్నా? అన్నీ కాంట్రాక్టే కదా" అని. నిజమే. మొదట్లో వచ్చేవి ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాలే. జీతం తక్కువ, సంతకం పెట్టే అధికారం ఇంకా తక్కువ. దీన్ని దాచి మీకు రంగుల కల అమ్మం. కానీ చదువు పెంచుకుంటే ఆ మెట్టు దగ్గరే ఆగిపోవాల్సిన పనిలేదు. మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌ను ముంబై టిస్‌లో చెప్తారు. అది కేంద్ర నిధులతో నడిచే సంస్థ, ఎస్టీ కోటా ఉంటుంది. హైదరాబాదులో నిమ్స్‌లో, అపోలో ఇన్‌స్టిట్యూట్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదువులున్నాయి. బీఎస్సీ నర్సింగ్, ఫార్మసీ, మామూలు డిగ్రీ చేసినోళ్లకు కూడా దారి ఉంది. ఫీజులు, అర్హతలు ఏటా మారతా ఉంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చూసుకోండి. ఎవరో ఏజెంటు చెప్పినాడని డబ్బులు కట్టద్దండి. రష్యా సీట్ల విషయంలో మనం ఇప్పటికే చాలా పోగొట్టుకున్నాం.

ఇంకొకటి కూడా మొగమాటం లేకుండా చెప్పాల. మనోడు కుర్చీలో కూర్చుంటే చాలు, అంతా బాగుపడుతుందని మేం అనుకోవడం లేదు. కుర్చీ ఎక్కినంక తండా మరిచిపోయినోళ్లు మనలోనే లేరా? కాలిఫోర్నియా కేసు గురించి ముందే చెప్పినాం. అడ్మినిస్ట్రేషన్ అంటే ఎవరిని లోపలికి రానివ్వాల, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాల అని తేల్చే అధికారం. ఆ అధికారంతో అవ్వను రెండు రాత్రులు వరండాలో పెట్టొచ్చు, పది నిమిషాల్లో లోపలికి పంపొచ్చు. అందుకే చదువుతో పాటు వరండాలో పడుకున్న రాత్రి కూడా గుర్తుండాల. ఆ గుర్తు మన పిల్లలకు ఉంటుంది. వాళ్లు అది మరిచిపోకుండా చూసుకునే పని ఈ గ్రూపుది.

ఉత్త మాటలు చెప్పి పోకూడదు కాబట్టి మేం ఒక పని మొదలుపెడుతున్నాం. ఒక్కో తండా నుంచి ఇద్దరు పిల్లలు ముందుకు రావాల. వైద్య సేవ కార్డు, ఆధార్‌లో పేరు తేడాలు, వేలిముద్ర పడనప్పుడు ఏం చేయాల, అనుమతి ఆలస్యమైతే ఎవరిని అడగాల, ఇవన్నీ ఆదివారం పూట కూర్చుని నేర్చుకుందాం. తండాలో ముసలోళ్ల కార్డులన్నీ జబ్బు రాకముందే చూసి, పేర్లు కలవనివి రాసి పెట్టుకుందాం, ఒక్కొక్కటే సరిచేయిద్దాం. ఎవరికైనా ఆసుపత్రి పని పడితే ఆ ఇద్దరిలో ఒకరు తోడు పోవాల. ఇది కూడా హాస్పిటల్ అడ్మినిస్ట్రేషనే, జీతం లేనిది. ఇందులో ఎవరికి ఇష్టం పుట్టిందో, ఎవరికి చేతనవుతుందో వాళ్లను ఆ చదువుకు పంపే బాధ్యత మనందరం తీసుకుందాం.

మొదట్లో చెప్పిన తమ్ముడు గుర్తున్నాడు కదా. నీట్ మూడోసారి రాయాల్నా వద్దా అనేది వాడిష్టం, మేం ఏమీ చెప్పలేదు. కానీ పోయిన వారం వాళ్ల పక్కింటి పెద్దాయనకు కడుపునొప్పి వస్తే తోడు పోయినాడు. మిత్ర డెస్క్ దగ్గర నిలబడి కాగితాలన్నీ తనే చూసుకున్నాడు. రాత్రి ఫోన్ చేసి, "అన్నా, పెద్దాయనకు రేపు స్కానింగ్. లోపల యాడేముందో నాకు ఇప్పుడు తెలుసు" అన్నాడు.

మీ తండా నుంచి వచ్చే ఆ ఇద్దరి పేర్లు పంపండి.

మీ గార్లదిన్నె మిత్రులం